అక్క ఒక్కతే వినే చప్పుడు

మా అక్క కారు తోలడం నేర్చుకున్నది యాభై దాటాక. ఈ వయసులో ఎందుకని అడిగిన వాళ్లకల్లా ఒక్కో కారణం చెప్పింది. బావకేమో రొయ్యల గుంట దగ్గరికి అన్నం తెచ్చేందుకని, అత్తకేమో ఆస్పత్రికి తీసుకుపోయేందుకని, ఊళ్లో వాళ్లకేమో పొద్దుపోక అని చెప్పింది. చెల్లెల్ని కాబట్టి నాకు మాత్రం నిజం చెప్పింది.

"ఒక్కసారన్నా ఎవురూ పక్కన లేకుండా, ఒక్కదాన్నే సముద్రందాకా పొయ్యి రావాల పాపా. అంతే."

విడవలూరు దాటి కొంచెం లోపలికి పోతే వాళ్ల ఊరు. గాలి అటునుంచి కొడితే సముద్రపు హోరు పడకటింట్లోకి వినిపిస్తుంది. పెళ్లై వచ్చినప్పటినుంచి అక్క సముద్రానికి పోతూనే ఉంది, కాకపోతే ఎప్పుడూ బండెడు మందితో. కార్తీకమాసం స్నానాలకు ఒక ఆటో నిండా జనం, చుట్టాలొస్తే రెండు ఆటోల నిండా జనం. అక్కడ పిల్లల్ని గట్టుకు లాగడం, చెప్పులకు కాపలా కాయడం, పులిహోర పంచడం అన్నీ ఆమె పనులే. అన్నేళ్లుగా పోతున్నా, సముద్రాన్ని తీరిగ్గా చూసింది లేదు.

మేం కొత్త కారు కొనుక్కున్నప్పుడు పాతదాన్ని అక్కకిచ్చేశాను. ఏళ్ల తరబడి నేను తోలిన బండి అది. దాని గొణుగుళ్లన్నీ నాకు తెలుసు. చలికాలం పొద్దున్నే కాసేపు దగ్గుతుంది, ఏసీ వేస్తే మూలుగుతుంది, కుడివైపు అద్దం దించితే తోక తొక్కిన పిల్లిలా అరుస్తుంది. ఇవేవీ జబ్బులు కావని, అది దాని స్వభావమని అక్కకు విడమరిచి చెప్పి మరీ తాళాలిచ్చాను.

ఇచ్చిన కొన్నాళ్లకే అది నడిరోడ్డు మీద మొరాయించింది. నెల్లూరులో నాకు తెలిసిన మెకానిక్ షెడ్డుకు లాక్కొచ్చి పడేశాం. టాంకీలోని పెట్రోలు పంపు పోయిందన్నాడు. పనిలో పనిగా బ్రేకులు చూడమన్నాను, చక్రాల దగ్గర అరిగిన రబ్బర్లు మార్చమన్నాను. మధ్యలో ఒకసారి చూసి రావడానికి పోతే కారు వెనక సీటు బయట చెట్టు కింద ఉంది. మెకానిక్ దాని మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని టీ తాగుతున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"పని ఎందాకా వచ్చింది?" అన్నాను.

"అయిపోయినట్టే అక్కా. బిగించేదే మిగిలింది," అన్నాడు లేవకుండా.

కారు తీసుకుపోయే రోజున అక్క, బావ, అక్క అత్తగారు ముగ్గురూ బస్సులో వచ్చారు. అత్తగారికి కళ్లు చూపించే పని ఉందన్నారు. తిరిగి వెళ్లేటప్పుడు వాళ్ల ఊరివాళ్లు ఇద్దరు బస్టాండులో కనపడితే వాళ్లనీ ఎక్కించుకున్నారు. ఇది మా వైపు పద్ధతి. బండి కదిలిందంటే సీటు ఖాళీగా పోకూడదు. ఖాళీగా పోతే ఎవరో తప్పు చేసినట్టు లెక్క. నెల్లూరుకు పోయే బండిలో చోటుందని తెలిస్తే, ఆ రోజు ఏ పనీ లేనివాళ్లకు కూడా నెల్లూరులో పని గుర్తొస్తుంది. మనిషి దొరక్కపోతే బియ్యం మూటో, కొబ్బరికాయల గోతామో ఆ చోటులో కూర్చుంటుంది. అంతమందితో కారు సుఖంగా ఊరు చేరింది. ఏ చప్పుడూ లేదు.

మర్నాడు మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తున్న వేళ, బావ గుంట దగ్గరున్న వేళ, అక్క చడీచప్పుడు లేకుండా కారు బయటికి తీసింది. కాలువ వంతెన దాటి, రొయ్యల గుంటల మధ్య రోడ్డు మీద కొంచెం దూరం పోయింది. సాయంత్రం నాకు ఫోన్ చేసింది.

"వెనక నించి ఏందో చప్పుడొస్తా ఉంది పాపా. టక్కు టక్కుమని. ఎవురో వెనక కూర్చోని కడ్డీతో తట్టినట్టుంది. భయమేసి సగం దూరంలోనే తిప్పుకోనొచ్చేసినా."

సముద్రం కనపడిందా అని అడిగాను. సరుగుడు తోటల దాకా పోయిందట. వాటి వెనకే సముద్రం. అక్కడినుంచి తిరిగొచ్చేసింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు చిన్నబోయింది, నాకు చాలా బాధేసింది.

చప్పుడు సంగతి బావకు చెప్పక తప్పలేదు. మా బావ మంచివాడు. కాకపోతే ఆయనకు కారంటే భయం. ట్రాక్టరు తోలతాడు, మోటారు సైకిలు మీద గుంట గట్ల మీద కూడా పోతాడు, కారు స్టీరింగు మాత్రం ముట్టుకోడు. దాని ముక్కు ఎక్కడుందో కనపడదంటాడు. కాబట్టి ఊళ్లో పిలిస్తే వచ్చే డ్రైవర్ని పిలిచాడు. ముందు సీట్లో తను కూర్చున్నాడు. వెనక అక్క, అత్తగారు. విడవలూరు దాకా పోయి వచ్చారు. గుంతల్లో దించారు, స్పీడు బ్రేకర్ల మీద ఎగరేశారు. కారు నోరు విప్పలేదు.

"చూసినావా, నువ్వు వెనక కూర్చుంటే బండి ఎంత బుద్ధిగా పోతా ఉందో," అన్నాడు బావ.

ఆయన చెప్పింది కళ్లెదుట కనపడుతున్న నిజం. అక్క మళ్లీ నాకు ఫోన్ చేసి, "నా చెవులకే ఏమన్నా అయిందేమో పాపా," అంది. నాకు కోపం వచ్చింది. మా ఇంట్లో ఎవరి చెవులకూ ఏమీ కాలేదు. పక్కవీధిలో ఎవరు గుసగుసలాడుకున్నా మా అమ్మకు వినపడేది.

కారును మళ్లీ నెల్లూరు తెమ్మన్నాను. ఆ డ్రైవరే తోలితే తెచ్చారు. మెకానిక్ ఒక్కడే తోలి చూసొస్తానన్నాడు, బావ ఒప్పుకోలేదు. బండిని మెకానిక్ చేతికిచ్చి ఒంటరిగా పంపితే పెట్రోలుతో పాటు ఇంకేం పోతాయో తెలియదని ఆయన నమ్మకం. అందుకని మెకానిక్ తోలాడు, పక్కన నేను, వెనక అక్కా బావా. మైపాడు రోడ్డులో దూరం పోయి వచ్చాం. టైర్లు రోడ్డును రాసుకునే చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. చప్పుడొచ్చినప్పుడు గేరు మార్చినావా, క్లచ్చి మీద కాలుందా అని మెకానిక్ అక్కనే తిరిగి తిరిగి అడిగాడు. అడిగేకొద్దీ అక్కకు ఏమీ గుర్తుకు రాకుండా పోయింది.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తోలను చేతగాక చప్పుడంటా ఉందేమోలే," అన్నాడు బావ నవ్వుతూ. వెంటనే నవ్వు ఆపేసి అసలు మాట చెప్పాడు. "తమాషా కాదు. ఏ చక్రం దగ్గరో వదులై ఉంటే? ఆ గుంటల మధ్య రోడ్డులో బండి ఇట్టా ఒరిగితే నీళ్లలోకే. చప్పుడు సంగతి తేలేదాకా ఒంటరిగా తీయబాకు. తేలకపోతే బండి అమ్మేద్దాం, చిల్లకూరులో ఎవురో అడగతా ఉండారు."

నిజంగానే ఆయన భయపడ్డాడు. అది చూశాక ఆయన మీద అరవాలని నోటిదాకా వచ్చిన మాటలు మింగేశాను. అక్క మాత్రం ఇంటికి పోయేటప్పుడు వెనక సీట్లో కూర్చుని, ఆ సీటు గుడ్డను అరచేత్తో నిమురుతూ పోయింది.

ఆ వారం చివర నేనే పోయాను. ఈ చప్పుడు నాకు సొంత అవమానంలా తోచింది. ఇన్నేళ్లు నా దగ్గరున్న బండి నాకు తెలియని కూత నేర్చుకోవడమేంటి? పోయేసరికి ఊరంతా వైద్యులే. బేరింగన్నారొకరు. సైలెన్సరన్నారొకరు. డిక్కీలో జాకీ దొర్లుతున్నదని ఒకరంటే, జాకీ తీసి అరుగు మీద పెట్టించారు. రిపేరయ్యాక దిష్టి తీయించలేదని అత్తగారన్నారు. ఆ పూటే ఎర్రనీళ్లు తిప్పి చక్రాల కింద నిమ్మకాయలు కూడా పెట్టించారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు, మా వాళ్ల కత్తిపీటలకు ఎప్పుడూ దురదే.

మేమిద్దరమే పోయి చూద్దామని బయల్దేరాం. అక్క స్టీరింగు ముందు కూర్చుంది, నేను పక్కన. తలుపు వేసేలోగా వెనక తలుపు తెరుచుకుంది.

"యాడికి పోతా ఉండారు? నేనూ వస్తా పదండి," అంటూ అత్తగారు ఎక్కి సర్దుక్కూర్చున్నారు.

అత్తగార్ని దిగమనే మొనగాళ్లు ఆ ఇంట్లో లేరు, చుట్టంగా పోయిన నేనసలే కాదు. ముగ్గురం కాలువ వంతెన దాకా పోయి వచ్చాం. రోడ్డులో సగం మేర ధాన్యం ఆరబోసి ఉంటే పక్కనున్న గతుకుల్లోనించే తోలింది అక్క. ఎంత నెమ్మదిగా, ఎంత పొందిగ్గా తోలిందో. ఎక్కడా చప్పుడు లేదు. దిగేటప్పుడు అక్క మొహం చూడలేకపోయాను.

అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతుంటే నాకొక చిన్న సంగతి తట్టింది. అప్పటిదాకా ఎవరికీ ఎందుకు తట్టలేదంటే, మాకెవరికీ ఒంటరిగా పోయే అలవాటు లేదు కాబట్టి. అక్కకు చప్పుడు వినపడింది ఒక్కసారే. ఆ ఒక్కసారీ కారులో ఇంకెవరూ లేరు.

"బావా, ఆమె ఒక్కతే పోయినప్పుడు వచ్చిన చప్పుడు కదా. ఊరంతా ఎక్కి వెతికితే ఎట్లా దొరుకుతుంది? ఆమెనొక్కదాన్నే పంపాలి," అన్నాను.

"ఒంటరిగా పోవద్దని చప్పుడు వెతకతా ఉంటే, చప్పుడు వెతకను ఒంటరిగా పొమ్మంటావేందమ్మా," అన్నాడు బావ.

వాదన చాలాసేపు జరిగింది. నా గొంతు పెద్దది, అది ఆ రోజు బాగా ఉపయోగపడింది. చివరికి ఒప్పందం కుదిరింది. అక్క కాలువ వంతెన దాకా మాత్రమే పోయి రావాలి. నా ఫోన్‌లో రికార్డింగు పెట్టి ముందు సీటు వెనక జేబులో వేయాలి. నెమ్మదిగా పోవాలి, చక్రం కొంచెం లాగినట్టున్నా ఆపేయాలి. అత్తగార్ని ఇంట్లో కూర్చోబెట్టడం నా వంతు. ఆమెకు కళ్లలో చుక్కలు వేసి కాసేపు కళ్లు మూసుకోమన్నాను.

అక్క పోయింది. బావ రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాడు. వంతెన దాకా పోయి రావడానికి పట్టే సమయం అయిపోయింది. ఆ తర్వాత ఇంకా చాలాసేపు అయింది. ఆయన తువ్వాలు ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మారుస్తూ ఉన్నాడు. మోటారు సైకిలు తాళం తీసుకోబోతుండగా మలుపులో కారు కనపడింది. ఆయన గబగబా లోపలికి పోయి, ఏమీ ఎరగనట్టు మంచం మీద కూర్చున్నాడు.

"వచ్చింది," అంది అక్క దిగుతూనే. మొహం వెలిగిపోతూ ఉంది. "పోయేటప్పుడూ వచ్చింది, వచ్చేటప్పుడూ వచ్చింది. వినండి."

అందరం ఫోను చుట్టూ చేరాం. మొదట ఇంజను చప్పుడు. రోడ్డెక్కగానే, టక్. కాస్త ఆగి, టక్కు టక్కు. బావ కళ్లు పెద్దవయ్యాయి. అత్తగారు ఒక కన్ను తెరిచి, "నిజమే వస్తా ఉందిరా, పాపం కోడలికి," అన్నారు. ఆ చప్పుడు మధ్యలో ఇంకొకటి వినిపించింది. అక్క పాడుతున్నది. కూనిరాగం కాదు, గొంతు విప్పి, మాటలు మరిచిపోయిన చోట లలలాలతో నింపుకుంటూ. చిన్నప్పుడు మా పెరట్లో బట్టలు ఆరేస్తూ అట్లాగే పాడేది. పెళ్లయ్యాక ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. నాకు కళ్లు చెమర్చాయి, నవ్వు కూడా వచ్చింది.

కొంతసేపటికి ఇంజను ఆగింది. తలుపు తెరుచుకున్న చప్పుడు. ఆ తర్వాత మనిషి చప్పుడే లేదు, ఒకటే హోరు.

"ఇదేందిది?" అన్నాడు బావ.

"గాలి," అంది అక్క. "వంతెన మీద గాలెక్కువ."

వంతెన మీద గాలి అలల లెక్కన వచ్చి విరగదు. నేను ఫోను తీసుకుని రికార్డింగు అక్కడ ఆపేశాను, వినాల్సింది విన్నాం కదా అని.

అదే రికార్డింగును మెకానిక్‌కు పంపించాం. చాలాసార్లు విని ఫోన్ చేశాడు. "చక్రాలది కాదన్నా ఇది. ఇంజనుదీ కాదు. అపాయమేమీ లేదు. బాడీలో యాడో ఏందో లూజుగా ఉండాది. యాడో చెప్పాలంటే బండి తోలతా వినుకోవాల. తొందరపడబాకండి, రోజూ కొంచెం తోలి చూడండి, దొరకద్ది," అన్నాడు బావతో. తోలడం, వినడం అనే రెండు పనులూ మా మీదికే నెట్టి చల్లగా ఫోన్ పెట్టేశాడు.

అపాయం లేదన్న మాటతో బావకు ప్రాణం లేచి వచ్చింది. ఇక ఆయన పట్టుదల చూడాలి. ఒక చప్పుడు తనకు దొరక్కుండా తిరగడం ఆయనకు నచ్చలేదు. రోజూ సాయంత్రం అక్క ఒక్కతే కారు తీసి, చప్పుడు ఎక్కడొస్తున్నదో విని రావాలని తీర్మానించాడు. అత్తగారు నేనూ వస్తానంటే, "నువ్వెక్కితే చప్పుడు రాదమ్మా, వైద్యం చెడతాది," అని ఆయనే ఆపేవాడట. కొబ్బరికాయల గోతాం కూడా ఎక్కనీయలేదు. బండి ఖాళీగా పోతున్నదేమని ఊళ్లోవాళ్లు అడిగితే, అది రిపేరులో ఉందని చెప్పేవాడు. కళ్ల చుక్కల మందుకు నెల్లూరు కారులో పోదామని వచ్చిన అత్తగారి చుట్టాన్ని కూడా బస్సెక్కించి పంపాడని అక్క ఫోన్‌లో చెప్పి పగలబడి నవ్వింది.

అప్పటినుంచి ఫోన్ చేసినప్పుడల్లా అక్క దగ్గర చప్పుడు కబుర్లే. బావకు కూడా రోజూ వివరంగా చెప్పేది. ఈ రోజు వంతెన ఎక్కేటప్పుడు వచ్చింది, ఈ రోజు దిగేటప్పుడు వచ్చింది, ఎడమ పక్కన్నట్టుంది, కాదు కుడి పక్కన్నట్టుంది. బావ తల పంకించి, అయితే రేపు ఇంకొంచెం ముందుకు పోయి చూడమనేవాడు. ఇంకొంచెం ముందుకంటే అక్కడ సముద్రం తప్ప ఇంకేమీ లేదు.

రెండు నెలల తర్వాత, నాకు సెలవులిచ్చినప్పుడు మళ్లీ పోయాను. మామిడికాయ వేసిన చేపల పులుసుతో పొట్ట పగిలేలా తిన్నాక, సాయంత్రం కారు దగ్గర చేరాను. ఇన్నాళ్లూ ఒక చప్పుడు ఇంతమందిని ఆడించడం నాకు నచ్చలేదు. ఈ రోజు దీని అంతు చూడాలనుకుని వెనక తలుపు తీసి, లోపలికి వంగి, సీటు మీద మోకాలు ఆనించాను.

సీటు కొంచెం దిగింది. మోకాలు తీశాను. కొంచెం లేచింది. మళ్లీ ఆనించాను, మళ్లీ తీశాను. లేచినప్పుడల్లా కింద ఇనుము ఇనుముకు తగిలి, టక్.

చెయ్యి పెట్టి చూస్తే సీటు అంచు కింద ఒక కొక్కెం దాని గాడిలో పడలేదు. పెట్రోలు పంపు వెనక సీటు కిందే ఉంటుంది. పంపు మార్చడానికి సీటు తీసిన మహానుభావుడు, దాని మీద కూర్చుని టీ తాగిన మహానుభావుడు, తిరిగి బిగించేటప్పుడు ఒక పక్క వదిలేశాడు. సీటు మీద మనిషి ఉంటే బరువుకు అది అణిగి ఉంటుంది. మనిషి లేకపోతే ప్రతి గతుక్కూ ఎగిరి కొట్టుకుంటుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మేమందరం వంతులవారీగా ఆ చప్పుడు మీదెక్కి కూర్చుని చప్పుడేదని వెతికాం. ఆ రోజు బావ అన్న మాట గుర్తొచ్చి నాకు నవ్వాగలేదు. అక్క వెనక కూర్చుంటే బండి బుద్ధిగా పోకేం చేస్తుంది?

నవ్వుతూ తల ఎత్తితే అక్క అవతలి తలుపు దగ్గర నిలబడి ఉంది. నా చెయ్యి ఎక్కడుందో చూసింది. ఆశ్చర్యపోలేదు.

"నీకు తెలుసు," అన్నాను.

"తెలుసు."

"ఎప్పటినించి?"

"రోజూ ఒక్కదాన్నే పోను మొదలుపెట్టిన మొదటి వారమే తెలిసింది. సంచి తీసుకుందామని సీటు మీద చెయ్యానిచ్చినా, టక్కుమనింది."

"మరి చెప్పలేదేం?"

అక్క ఇంటివైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "చెప్తే రేపట్నించి నలుగురెక్కతారు పాపా. బండి ఖాళీగా పోతా ఉంది కదా అని. ఈ చప్పుడొస్తా ఉన్నంతసేపూ బండిలో నేనొక్కదాన్నే."

కొక్కెం ఇంకా నా బొటనవేలి కిందే ఉంది. గట్టిగా ఒక్క నొక్కు నొక్కితే గాడిలో పడుతుంది. వరండాలోంచి బావ గొంతు వినిపించింది.

"ఏమ్మా, నీకన్నా దొరికిందా?"

అక్క నన్ను చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేను. తాళాలు నా చేతిలోంచి తీసుకున్న రోజున కూడా అంత ఆశగా చూడలేదు.

"లేదు బావా," అన్నాను, చెయ్యి బయటికి తీసి తలుపు వేస్తూ. "ఇది అంత తొందరగా తేలేది కాదు."

"నేను ముందే చెప్పినా, మొండి చప్పుడని," అంటూ బావ బయటికి వచ్చాడు. అక్కవైపు తిరిగి, "ఇంక నిలబడుకోబాక. పొద్దు కుంకకముందే పొయ్యి వినుకోని రా," అన్నాడు.

అక్క ఎక్కి ఇంజను వేసింది. అద్దం దించి, "వస్తావా?" అని నన్నడిగింది. మర్యాదకు అడిగింది. నాకు నిజంగా పోవాలనే ఉంది. సాయంత్రపు గాలి, సరుగుడు తోటలు, వాటి వెనక సముద్రం, పక్కన పాడుతూ అక్క. కానీ నేను పక్కనుంటే ఆమె పాడదు.

"నేను రాను. నువ్వు పొయ్యిరా," అన్నాను.

కారు వాకిలి దాటి రోడ్డెక్కింది. ఇంటి ముందు స్పీడు బ్రేకరు మీద ఎక్కి దిగుతుండగా, దించిన అద్దాల్లోంచి టక్కుమని వినిపించింది. నా పక్కన నిలబడిన బావ చెవి అటు పెట్టాడు.

"విన్నావా, పోతానే మొదలైంది," అన్నాడు.

"విన్నాను బావా," అన్నాను.